జుట్టు పెరిగేలోపు

మా బాబాయి అద్దం కనిపిస్తే ఆగకుండా ముందుకు నడవలేడు. ఆయనకి మా వీధి మలుపులో చిన్న సెలూను ఉంది. రోజంతా అద్దాల మధ్యే బతుకుతాడు కాబట్టి, బయట ఎక్కడ అద్దం కనిపించినా అది కూడా తనదే అన్నట్టు దగ్గరికి వెళ్ళి మీసం సరిచేసుకుంటాడు. ఆ అలవాటే కొంప ముంచింది.

ఫర్నిచర్ షాపువాళ్ళు నిలువెత్తు చెక్క బీరువాని, తలుపుకి అద్దం ఉన్నదాన్ని, గుమ్మం పక్కనే నిలబెట్టారు. దాన్ని గోడకి బిగించలేదు. బాబాయి ఆ దారినే పోతూ ఆగాడు, మీసం చూసుకున్నాడు, వెలుతురు చాల్లేదని తలుపు కాస్త తెరిచాడు. బీరువా ఆయన మీద పడింది. అదృష్టం ఏమిటంటే తలుపు తెరిచి ఉండటంతో ఆయన సగం లోపలికి పోయాడు. నలుగురు పట్టి లేపేసరికి బట్టల అరలో ముడుచుకుని కూర్చుని, "ఎవరండీ లైటు తీసింది?" అని అడిగాడట.

కానీ కుడి భుజం దెబ్బతింది. లోపల కండ చిరిగిందనీ, ఆపరేషన్ చేయకపోతే చెయ్యి భుజం కంటే పైకి లేవదనీ డాక్టరు చెప్పాడు. చెయ్యి లేవని మనిషి క్రాపు ఎలా చేస్తాడు? ఆపరేషన్‌కి ఇంట్లో ఉన్నదంతా ఊడ్చినా చాలదు.

"లాయరు దగ్గరికి వెళదాం పదండి," అంది పిన్ని.

"లాయర్లు గొడవ పడేవాళ్ళకే! మనమేం గొడవ పడ్డాం? షాపాయన పెద్దమనిషి. షాపు ఇన్సూరెన్సు కంపెనీకి మన సంగతి తనే రాశాడు కూడా."

"అంత పెద్దమనిషి అయితే బీరువాకి రెండు మేకులు కొట్టించేవాడు."

"నీకు మనుషుల మీద నమ్మకం లేదే."

"మనుషుల మీద ఉంది. బీరువాల మీదే లేదు."

బాబాయి వినలేదు. సెలూను మళ్ళీ తెరిచాడు. వీధిలో ఆయన్ని 'రేడియో' అంటారు. కుర్చీలో కూర్చున్నవాడికి కథ చెప్పకుండా కత్తెర ఆడదు. ఆ రోజుల్లో ఆయన దగ్గర బీరువా కథే ఉంది. మొదట్లో ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. బట్టల అరలో కూర్చోవడం హుందాగా లేదనిపించి ఆ ముక్క తీసేశాడు. తర్వాత కథలోకి ఒక ముసలావిడ వచ్చింది. బీరువా ఆవిడ మీద పడబోతుంటే బాబాయి అడ్డు వెళ్ళాడు. ఇంకొన్నాళ్ళకి ఆ ముసలావిడ చేతిలోకి మనవడు కూడా చేరాడు.

ఒక మంగళవారం మెత్తగా మాట్లాడే ఒకాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆ సంభాషణ తర్వాత బాబాయే మాకు అభినయించి చూపించాడు.

"బీరువా ఆపింది మీరేనటగా?" అన్నాడు వచ్చినాయన.

"ఒంటి భుజం మీద! ఇదిగో, ఈ భుజం!"

"అయ్యో, దెబ్బ తగల్లేదూ?"

"నాకా? బీరువాకే తలుపు ఊడింది! ఇప్పుడైనా ఇంకో రెండు పడనివ్వండి, చూద్దాం!"

వచ్చినాయన చాలా మెచ్చుకుని వెళ్ళాడు. శుక్రవారం ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఫోనొచ్చింది. తనకి దెబ్బే తగల్లేదని బాబాయి తమ మనిషి ముందే స్వయంగా ఒప్పుకున్నాడు కాబట్టి పైసా కూడా ఇవ్వరట. బాబాయి ఫోను పెట్టేసి, గోడ మీది అద్దం ముందు నుంచి ఆగకుండా గుమ్మం దాకా నడిచాడు. ఆయన అద్దం దగ్గర ఆగకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

పిన్ని చెప్పులు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

లాయరమ్మ ఆఫీసు బట్టల ఇస్త్రీ షాపు మీద గదిలో ఉంది. కింద నుంచి ఆవిరి, పైన ఫైళ్ళు. బాబాయి ఒంటరిగా వెళ్ళలేనంటే తోడుగా నన్ను పంపారు. ఆవిడ కుర్చీ మీది ఫైళ్ళు తీయలేదు, మమ్మల్ని నిలబెట్టే మొత్తం విన్నది.

"దెబ్బ తగిలిన వారంలోనే రావాల్సింది. పోనీ, అవతలివాళ్ళ మనిషి మీ గుమ్మం తొక్కకముందైనా రావాల్సింది," అంది. "చిన్న గీత పడి, అవతలివాళ్ళు మాటకి కట్టుబడి ఇచ్చేస్తే నాతో పనిలేదు. మీ పనిచేసే చెయ్యే పోతుంటే, ఎవరితో ఏం మాట్లాడాలో ముందు అడగాలి కదండీ?"

"ఆయన అలాంటివాడని నాకేం తెలుసమ్మా? చక్కగా విన్నాడు."

"వినడమే ఆయన ఉద్యోగం." ఆవిడ కలం కింద పెట్టింది. "ఊరికే కూర్చుని విన్నాడా, క్రాపు చేయించుకున్నాడా?"

"చేయించుకున్నాడండీ."

"ఎవరు చేశారు?"

"నేనే!"

అప్పుడు లాయరమ్మ మొదటిసారి నవ్వింది. లేచి కుర్చీ మీది ఫైళ్ళు తీసి, బాబాయిని కూర్చోమంది. "మా ఆయన కూడా మీ దగ్గరికే వస్తారు. ఆ తల చూసి కొన్నాళ్ళుగా నాలో నేనే ఆలోచిస్తున్నాను. ఈ పని త్వరగా తేల్చాలి. జుట్టు పెరిగేలోపు."

బాబాయికి అర్థం కాలేదు. నాకు మాత్రం మా నాన్న తల గుర్తొచ్చింది.

కంపెనీ ఆఫీసులో గాజు బల్లకి అటు ఒక పెద్దాఫీసరు, మెత్తగా మాట్లాడే ఆయన కూర్చున్నారు. ఏసీ గదిలో కూడా ఈ మెత్తనాయన టోపీ పెట్టుకునే ఉన్నాడు. ఇటు మేము. నోరు తెరవకూడదని లాయరమ్మ బాబాయితో మెట్ల దగ్గరే ఒట్టు వేయించుకుంది.

మెత్తనాయన ముసలావిడతో సహా, మనవడితో సహా, కథంతా అప్పజెప్పాడు. బాగానే చెప్పాడు. కానీ అసలు ఘట్టం దగ్గర గొంతు పెంచలేదని బాబాయి కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు.

"టోపీ ఒకసారి తీస్తారా?" అంది లాయరమ్మ.

"ఎందుకండీ?"

"తీయవయ్యా," అన్నాడు ఆఫీసరు.

తీశాడు. మెడ నుంచి చెవుల దాకా క్రాపు నున్నగా, తీరుగా ఉంది. చెవుల పైన కత్తెర తగిలిన జాడే లేదు. ఎవరో గొడుగు తెరిచి తల మీద పెట్టినట్టుంది.

"నేను ఏదో కొత్త ఫ్యాషన్ అనుకున్నానే!" అన్నాడు ఆఫీసరు.

లాయరమ్మ తలుపు తెరిచింది. వరండాలోంచి పోస్ట్‌మ్యాన్, రిటైరైన లెక్కల మాస్టారు, బస్సు కండక్టరు, చివర సిగ్గుపడుతూ లాయరమ్మ భర్త లోపలికొచ్చారు. నాలుగు గొడుగులు.

"చెవి దాటి చెయ్యి వెళ్ళదు సార్," అన్నాడు కండక్టరు. "అక్కడి నుంచి గాల్లో కత్తెర చప్పుడు చేస్తాడు."

బాబాయి మొహం వాడిపోయింది. ఎవరూ కనిపెట్టలేదనుకున్నాడు ఇన్నాళ్ళూ. "మాస్టారూ, మీరైనా చెప్పొచ్చు కదా?" అన్నాడు, ఒట్టు మర్చిపోయి.

"నొచ్చుకోకు రేడియో. చెబితే సరిచేస్తానని మళ్ళీ కూర్చోబెడతావు. మళ్ళీ బీరువా కథ వినాలి."

ఆఫీసరు నవ్వు ఆపుకుంటూ బాబాయి వైపు తిరిగాడు. "అసలేం జరిగిందో మీరు చెప్పండి."

బాబాయి మమ్మల్ని చూశాడు, ఆ తలల్ని చూశాడు. ఎక్కడ మొదలుపెట్టాలా అన్నట్టు గొంతు సవరించుకున్నాడు.

"బీరువా మీద పడిందండీ. చెయ్యి లేవట్లేదు."

అంతే. అంత చిన్న కథ ఆయన జన్మలో చెప్పలేదు. ఆఫీసరు డాక్టరు రిపోర్టు ఇంకోసారి తెప్పించుకుని చూశాడు. ఆపరేషన్ ఖర్చు, మూతపడే సెలూను నష్టం, అన్నీ కంపెనీయే ఇస్తుందని కాగితం టైపు చేయించడానికి పంపాడు.

కాగితం వచ్చేదాకా అందరం ఊరికే కూర్చున్నాం. బాబాయి కూర్చోలేకపోయాడు. ఎదురుగా ఉన్న తల వైపే చూస్తున్నాడు. కాసేపటికి జేబులోంచి దువ్వెన తీశాడు.

"ఏవండీ, ఇలా ఇంటికెలా వెళతారు? ఇలా కింద కూర్చోండి. నేలమీద కూర్చుంటే చెయ్యి అందుతుంది. రెండు నిమిషాలు."

మెత్తనాయన ఆశగా సగం లేచాడు కూడా.

లాయరమ్మ దువ్వెన లాక్కుంది. "సంతకం అయ్యేదాకా ఆ తల మన సాక్ష్యమండీ. ముట్టుకోకండి."