ఏడడుగుల ఆటగాడి కోసం బావతో పోటీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ ఆటలో కొత్త కోచ్‌గా చేరిన నెలలోనే అది మా బావ మీద పడింది. బావంటే మా అక్క మొగుడు, గజపతినగరంలో మా పక్క వీధే. ఆ ఆటలో ఆయన పాతకాపు, ఆయన కాలేజీ జట్టుకు ఓటమే తెలియదు. నాకు దక్కింది అట్టడుగు జట్టు. ఆటగాళ్ళంతా కంప్యూటర్ పుట్టించిన వాళ్ళే అయినా, ఓడిన రోజు నాకు అన్నం సయించేది కాదు.

ఏటా స్కూళ్ళ నుంచి కొత్తవాళ్ళను మనమే ఒప్పించి తెచ్చుకోవాలి. ఏడడుగుల వాడొకడు కనిపించాడు. వాడొస్తే నా జట్టు నిలబడుతుంది, లేకపోతే అంతే సంగతులు. ఒక్కసారి కబురు పెట్టి, జవాబు కోసం దర్జాగా కూర్చున్నాను. సంబంధం అడిగాక మళ్ళీ మళ్ళీ వెళితే చులకనైపోమూ? వారం తర్వాత చూస్తే వాడికి నచ్చిన జట్ల జాబితాలో పైన బావ జట్టు, అడుగున నాది.

ఒళ్ళు మండిపోయింది. టిఫిన్ చేస్తున్న బావ ముందు ఫోన్ పెట్టాను.

"పాతోళ్ళకి పేరున్నాది. కొత్తోళ్ళకి ఏటున్నాది బావా? ఇదేటి న్యాయం?"

"పెళ్ళిసూపులకెళ్ళినట్టు ఒకపాలెళ్ళి కూకుంటే ఎవుడొస్తాడే? రోజూ పలకరించాల. నీ కాడ ఏటున్నాదో సెప్పాల," అన్నాడు బావ.

"పోనీ, మీరు తప్పుకోండి," అంది అక్క.

"వొద్దు. జాలి పడితే ఊరుకోను. పోటీకి రమ్మను," అన్నాను.

ఇంటికొచ్చి ఆలోచించాను. పేరు లేదు, కప్పులు లేవు, వాడంత పొడుగు మనిషీ లేడు. అరే, ఆ ఖాళీయే కదా నా దగ్గరున్నది! మొదటి మ్యాచ్ నుంచే నిన్ను ఆడిస్తానని వాడికి మాటిచ్చాను. ఆ ఆటలో కోచ్ మాట తప్పితే ఆటగాడు వెళ్ళిపోతాడు, అందుకే మాటకు అంత విలువ. ఇక రోజూ వదలకుండా పలకరించాను. బావ కూడా తగ్గలేదు.

వాడు తేల్చే ఆదివారం పొద్దున్న ఇద్దరం అక్కావాళ్ళ వసారాలో ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. తెర మీద నా జట్టు పేరు వచ్చింది. ఎగిరి గంతేసి అక్కను గిరగిరా తిప్పేశాను.

"ఆ ఎత్తోళ్ళు నా కాడ ముగ్గురున్నారు. ఆడొస్తే బెంచీ మీదే కూకోవాల. అదే సూసుకున్నాడు," అని గొణిగి బావ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. వాడు దొరికినప్పటి కన్నా అది చూసి నాకెక్కువ సంతోషమేసింది. బావ జాలి పడలేదు, నిజంగానే ఓడిపోయాడు.