చెల్లితో పాటు పుట్టిన జెర్బిల్ పిల్లలు

మా చిన్నప్పుడు... కొత్తగూడలో మేముండే ఫ్లాట్‌లో ఒకే వారంలో రెండు పురుళ్లు జరిగాయి. ఒకటి అమ్మది... చెల్లి పుట్టింది. రెండోది హాల్లో గాజు తొట్టిలో ఉండే మా జెర్బిల్‌ది.

జెర్బిల్ అంటే ఎలుక జాతే... కానీ తోక చివర కుచ్చు ఉంటుంది, వెనక కాళ్ల మీద నిలబడి మనల్నే చూస్తుంది. పై అంతస్తులో ఉండే అక్క ఉద్యోగం మారి పుణె వెళ్తూ ఒక జంటను నాకిచ్చింది. పిల్లలు పుడితే ఏం చేయాలో కూడా చెప్పి వెళ్లింది. గూడు కదపకూడదు... ఏసీ గాలి తగలకూడదు... తల్లికి పొద్దుతిరుగుడు గింజలు కాస్త ఎక్కువ వేయాలి. తండ్రిని విడదీయకూడదు. తల్లి తినడానికి లేస్తే పిల్లల్ని వెచ్చగా కప్పుకుని పడుకునేది అదే.

పుట్టినప్పుడు అన్నీ ఒకేలా ఉన్నాయి... వేలి కొసంత, గులాబీ రంగులో, ఒంటి మీద వెంట్రుకైనా లేకుండా. ఏది ఏ రంగో అప్పుడే తెలియదు, తొందరపడొద్దు, కొద్ది రోజులు పోతే చర్మమే చెప్తుంది అని అక్క ముందే చెప్పింది. నేను స్కూల్ నుంచి రాగానే తొట్టి ముందు కూర్చునేదాన్ని.

అమ్మమ్మ అప్పటికే లేదు. చందానగర్‌లో అమ్మ పుట్టింట్లో బాలింత పనులు చూసే ఆడదిక్కు లేక కడప నుంచి మా మేనత్త వచ్చింది. ప్రేమ గల మనిషే... అమ్మకు వేళకు వెల్లుల్లి కారం కలిపి అన్నం పెట్టేది. కానీ చెల్లిది నా రంగే... చామనఛాయ కూడా కాదు, నలుపు. అత్త రోజూ దాన్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని సున్నిపిండితో గట్టిగా రుద్దేది. చెల్లి గుక్కపట్టి ఏడ్చేది. ఒళ్లంతా కందిపోయి పొక్కులు లేచాయి. డాక్టరు మానేయమన్నా అత్త వినలేదు.

"దీన్నన్నా సరిగ్గ రుద్దనీ మే. పెద్దదాన్ని నువ్వు రుద్దకనే అట్ల మిగిలిపాయ," అంది అమ్మతో... నేను అక్కడే ఉన్నాను.

నాకు ఏడుపు రాలేదు... ఒళ్లు మండింది.

ఆ సరికి తొట్టిలో రంగులు తేలాయి. వీపు తేనె రంగు, పొట్ట తెలుపు ఒకదానికి... రెండు బూడిద రంగు... ఒకటి మాత్రం నిగనిగలాడే నలుపు.

మర్నాడు నీళ్లు పోసే వేళకు ఆ నల్ల పిల్లను దోసిట్లో పెట్టుకుని అత్త ముందు నిలబడ్డాను.

"అత్తా, దీన్ని వాళ్లమ్మ పుట్టినప్పటి నుంచి నాకుతూనే ఉంది. ఇంకా ఏ పిండి రుద్దాలో చెప్పు."

అత్త ముఖం మాడిపోయింది. పెద్దవాళ్లతో ఇలాగేనా మాట్లాడేది అని నాన్న కసిరాడు, సారీ చెప్పమన్నాడు. చెప్పనన్నాను. అన్నం పెట్టకపోయినా చెప్పనన్నాను.

అప్పుడు అమ్మ గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. అంతవరకూ అత్తకు ఎదురు చెప్పి ఎరగదు. వంగి, చెల్లిని అత్త కాళ్ల మీంచి తీసుకుంది.

"చాలు వదినె. ఇయ్యాల్టి నుంచి బిడ్డకు నీళ్లు నేనే పోస్త. దాని రంగు దానిది... పెద్దదాని రంగు పెద్దదానిది."

నాన్న వెళ్లి అమ్మకు కుర్చీ తెచ్చి వేశాడు. అత్త అలిగింది... కానీ వెళ్లిపోలేదు, సున్నిపిండి డబ్బా తనే తీసి అటక మీద పెట్టింది. చెల్లి పొక్కులు మానాయి. రంగు అలాగే ఉంది, హాయిగా.

ఇప్పుడు మొహం మీదే అనేవాళ్లు తగ్గారు... ఫోన్‌లో ఫొటో దిగితే మాత్రం నేను అడగకుండానే తెల్లబడిపోతున్నాను. మనిషైతే ఎదురుగా నిలబడి జవాబు చెప్పొచ్చు... దీంతో ఎలా పోట్లాడటం? ముఖాన్ని తెల్లగా చూపించే ఆ బ్యూటీ సెట్టింగ్ తీసేసి మరీ దిగుతున్నాను.

మీ రంగు మీద ఎవరు ఏమన్నారో మీకూ గుర్తుండే ఉంటుంది... అప్పుడు గొంతులో ఆగిపోయిన జవాబు ఏదైనా ఉంటే, ఇక్కడ అనేయండి.