చాయ్ దాకా ఆగని మాట

సినిమా చూసి బయటికి వచ్చాక, చాయ్ తాగేదాకా దాని గురించి ఒక్క మాట కూడా మాట్లాడకూడదని నాకూ నా మిత్రుడికీ ఒక నియమం ఉండేది. ఇంటర్ చదివే రోజుల్లో హన్మకొండలో మ్యాట్నీ చూసి ఇద్దరం ఒకే సైకిల్ మీద కాజీపేటకు వచ్చేవాళ్ళం. తొక్కేవాడికి ఆయాసం, వెనక కూర్చున్నవాడికి మాటలు. అది న్యాయం కాదనీ, ఇద్దరం కుదురుగా కూర్చున్నాకే తీర్పు చెప్పుకోవాలనీ అనుకున్నాం. స్టేషన్ దగ్గరి చాయ్ హోటల్లో మొదటి గుక్క దిగాక అతను అనేవాడు, "ఆఁ, ఇగ చెప్పు." నలభై ఏళ్ళకు పైగా అలాగే జరిగింది. ఒక్కసారే తప్పింది. తప్పినవాణ్ణి నేను.

అతను గూడ్స్ బండ్లు నడిపేవాడు. వాళ్ళది కాజీపేటలో మూడు తరాలుగా ఉంటున్న క్యాథలిక్ కుటుంబం. మాది ముస్లిం కుటుంబం. నేను కాలేజీ లైబ్రరీలో పని చేసి రిటైరయ్యాను. ఆదివారం వచ్చే ఒక చిన్న వారపత్రికకు సినిమాల మీద రాసేవాణ్ణి.

నిరుడు ఏసు జీవితం మీద తీసిన ఒక సినిమా తెలుగు డబ్బింగ్‌తో వచ్చింది. వచ్చింది తపస్సు కాలంలో. గుడ్ ఫ్రైడేకు ముందు నలభై రోజులు క్యాథలిక్కులు ఉపవాసాలతో, ప్రార్థనలతో గడిపే కాలం అది. వాళ్ళింట్లో ఆ నలభై రోజులూ మాంసం ఉండదు, సినిమా అసలే ఉండదు. అందుకే అతను ఫోన్ చేసినప్పుడు నేను ఆశ్చర్యపోయాను.

"భయ్, ఈ సినిమాకు పోవచ్చన్నడు మా చర్చి ఫాదర్. మొన్న గుడిల అందరి ముంగట చెప్పిండు. తపస్సుల సినిమాకు పోవుడు నా జిందగీల ఇదే మొదటిసారి. మా నాయినుంటే టికెట్ తనే కొనిచ్చేటోడు."

"మీ నాయిన టికెట్ కొనియ్యడు. ఇంకో చెంప మీద ఇస్తడు."

నవ్వాడు. కొద్దిగా ఆలస్యంగా నవ్వాడని ఇప్పుడు అనిపిస్తుంది. ఇప్పుడు అనిపించేవన్నీ నమ్మదగినవి కావు.

ఆ చెంపదెబ్బ సంగతి ఇద్దరికీ తెలుసు. మాకు పదిహేడేళ్ళప్పుడు, ఇలాగే తపస్సు కాలంలో, నేనే బలవంతం చేసి అతన్ని మ్యాట్నీకి తీసుకుపోయాను. ఆట వదిలేసరికి సైకిల్ స్టాండు దగ్గర వాళ్ళ నాన్న నిలబడి ఉన్నాడు. రైల్వే డీజిల్ షెడ్డులో ఫిట్టర్ ఆయన, డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. జనం చూస్తుండగా కొడుకును ఒక్కటి కొట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు తిన్నవా బిడ్డా?" అని అడిగాడు. ఈ సంగతి చెప్పుకుని మేము చాలాసార్లు నవ్వుకున్నాం. ఇద్దరమూ నవ్వుతున్నామనే నేను అనుకున్నాను.

సినిమాకు బయల్దేరుతుంటే నా భార్య అన్నది, "పోండ్రి గని, వచ్చినంక నాకు కథ చెప్పకుండ్రి. మన ఈసా ప్రవక్త కథ నాకు తెలుసు." మా నమ్మకంలో ఈసాను, అంటే ఏసును, సిలువ వెయ్యలేదు, దేవుడు తన దగ్గరికి తీసుకున్నాడు. ప్రవక్త వేషం ఒక నటుడు కట్టడం కూడా మాకు ఇష్టం ఉండదు. ఈ రెండూ పక్కన పెట్టి చూడగలనని నాకు నమ్మకం. భక్తుణ్ణి కాను గనక అందరికంటే సరిగ్గా రాయగలననుకున్నాను.

శుక్రవారం మ్యాట్నీ. హాలు నిండింది. ముందు వరసల్లో చాలామంది చెప్పులు విప్పి సీట్ల కింద పెట్టుకున్నారు. తెర మీద ఏసు మొదటిసారి కనబడగానే కొందరు నిలబడ్డారు, వెనకనుంచి ఎవరో "కూసోండ్రమ్మా, మాకు కూడ కనబడాలె గద దేవుడు" అన్నారు. హాలంతా నవ్వింది. గుడ్డివాడికి చూపు వచ్చినప్పుడు చప్పట్లు. ఏసును పట్టిచ్చేందుకు శిష్యుడు డబ్బు సంచి తీసుకున్నప్పుడు ఒక ముసలమ్మ గట్టిగా తిట్టింది. నేను చీకట్లోనే చిన్న నోటుబుక్కులో ఇవన్నీ రాసుకుంటున్నాను.

కొరడా దెబ్బల దృశ్యం చాలాసేపు ఉంది. ముందు ఏడుపులు వినబడ్డాయి, తర్వాత అవి కూడా ఆగిపోయాయి. కొట్టేవాడి ముఖాన్ని దగ్గరగా చూపించారు. చిన్న వయసువాడు. అప్పుడు నా మిత్రుడు లేచాడు. నా మోకాళ్ళు దాటుకుని, ఏమీ చెప్పకుండా బయటికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. నేను నోటుబుక్కులో ఒక వాక్యం రాసుకున్నాను.

ఆట అయిపోయాక బండ్ల దగ్గర ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ పూట హాల్లోంచి వచ్చిన వాళ్ళలో సగం మంది కళ్ళు అలాగే ఉన్నాయి.

"చాయ్ తాగుదాం పా," అన్నాడు.

"ఆరింటికల్లా రాసి పంపాలె భయ్. రేపు తాగుదాం."

"రేపు నేను బండి మీద పోతున్న. ఆదివారం గని రాను."

"అయితే ఆదివారమే."

"సరె. ఆదివారం. ఒక మాట ఉన్నది నీతోని," అన్నాడు. చాయ్ తాగలేదు గనక నేను ఏమిటని అడగలేదు. నియమం పాటిస్తున్నాననే అనుకున్నాను. ఇంటికి పోయి, చాయ్ తాగకుండానే నా తీర్పు రాసి పంపాను.

ఆ సినిమా మీద అప్పటికే ఫోన్లలో చాలా నడుస్తున్నది. సాగదీశారన్నవాళ్ళున్నారు. ఏడ్వకుండా బయటికి రాలేమన్నవాళ్ళున్నారు. ఆ నటుడు పోయిన సినిమాలో తాగుబోతు వేషం వేశాడు, ప్రభువుగా ఎట్లా చూస్తామని కోప్పడ్డవాళ్ళున్నారు. నేను నెత్తురు ఎక్కువైందని రాశాను. తల్లి పాత్రకు మాటలే లేవని రాశాను. చివర్లో ఇలా రాశాను: "నా పక్కన కూర్చున్న విశ్వాసి ఒకరు కొరడా దెబ్బల దగ్గర లేచి వెళ్ళిపోయారు. భక్తి సినిమా భక్తుణ్ణే హాల్లోంచి వెళ్ళగొడితే దాన్ని ఏమనాలి?"

అది రాసినప్పుడు నాకు సంతోషం కలిగింది. వ్యాసం మొత్తం ఆ రెండు వాక్యాల కోసమే రాశానేమో.

పేరు రాయలేదు. కానీ సినిమా హాల్లో నా పక్క సీటు ఎవరిదో కాజీపేటలో తెలియనివాళ్ళు లేరు. ఆదివారం పొద్దున గుడి బయట అతన్ని ఆపి ఆట పట్టించారట. "ఏందయ్యా, ఏసుప్రభువు దెబ్బలు తింటుంటే నువ్వు సమోసలకు పోయినవంట?" అతనూ నవ్వాడట.

సాయంత్రం చాయ్ హోటల్‌కు వచ్చాడు. మొదటి గుక్క తాగాడు. "ఇగ చెప్పు" అనలేదు.

"చెప్పినవ్ గద. చదివిన. మంచిగ రాసినవ్," అన్నాడు.

"ఏదో మాట ఉన్నదంటివి?"

"ఏం లేదు తియ్. డ్యూటీ ముచ్చట."

ఆ తర్వాత మేము కలిసి సినిమా చూడలేదు. గొడవేమీ లేదు. పిలిస్తే డ్యూటీ అనేవాడు, లేదంటే నడుం నొప్పి అనేవాడు. పండగకు మా ఇంటికి వచ్చాడు, సేమియా తిన్నాడు, నా భార్యతో నవ్వుతూ మాట్లాడాడు. దాన్ని దూరం అంటారని నాకు తెలియలేదు. చలికాలంలో ఒక పొద్దున, డ్యూటీ దిగి ఇంటికి వచ్చి బూట్లు విప్పుకుంటూ పడిపోయాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. పెట్టె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నలభయ్యో రోజు గుడిలో ప్రార్థన అయ్యాక వాళ్ళింట్లో భోజనాలు పెట్టారు. జనం వెళ్ళిపోయాక నేను అతని భార్యతో ఆ వాక్యం గురించి మాట్లాడాను. క్షమించమని అడగడానికే ఆగాను.

"చెల్లె, నిరుడు నేను రాసింది ఆయనకు కష్టమైంది. సినిమా నచ్చక లేచిండనుకున్న."

ఆమె విస్తళ్ళు మడుస్తున్నది. చేతులు ఆగలేదు.

"సినిమా నచ్చకనా? గా దెబ్బలు చూడలేకపోయిండన్నా. మా మామ యాదికొచ్చిండు."

వాళ్ళ నాన్న ఏటా గుడ్ ఫ్రైడేనాడు సిలువ మార్గం ఊరేగింపులో ఏసు వేషం కట్టేవాడు. రైలు పట్టాల కింద వేసే పాత స్లీపర్ కట్టెతో చేసిన సిలువ మోస్తూ ఎండలో వీధులన్నీ నడిచేవాడు. ఇంటర్ చదివే ఆ ఏడాది నా మిత్రుడికి సైనికుడి వేషం ఇచ్చారు. జనపనార తాళ్ళతో కొరడా చేసి ఎర్ర రంగు నీళ్ళలో ముంచుతారు. దెబ్బ తగలనక్కరలేదు, తాడు తాకితే చాలు, తెల్ల అంగీ మీద చారలు పడతాయి.

"సైకిల్ స్టాండు కాడ నలుగుట్ల కొట్టిండని మనసుల పెట్టుకున్నడట. పది రోజులైనా కోపం పోలేదట. ఆ కోపంతోనే కొరడ పట్టుకోని, నిజంగనే కొట్టిండట. మా మామ ఒక్క మాట అనలేదట. సిలువ మీదికెక్కేదాక వేషంలనే ఉన్నడట. ఇంటికొచ్చినంక మా అత్త అంగీ ఇప్పితే వీపంత వాతలు. 'మంచిగ చేసినవ్ బిడ్డా' అన్నడట, గంతే. ఇగ సచ్చేదాక దాని ముచ్చట ఎత్తలే. ఈయనా ఎత్తలే. నాకే నిరుడు గా సినిమా చూసొచ్చిన నాడు చెప్పిండు."

ఇంకో విస్తరి తీసుకుంటూ అన్నది, "మీకు చెప్త అన్నడు. ఆదివారం చాయ్ కాడ చెప్త అన్నడు. గప్పటికే పేపర్ల వచ్చె."

ఆమె నన్ను నిందించలేదు. జరిగింది జరిగినట్టు వరసగా చెప్పింది, అంతే.

దారిలో నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ గుడ్ ఫ్రైడేనాడు నేనూ అక్కడ ఉన్నాను. కాజీపేటలో అందరూ చూసేవాళ్ళు, మా ఇంటినుంచి కూడా పోయేవాళ్ళం. కొరడా లేవడం, పడడం, ఆ చప్పుడు అన్నీ చూశాను. అయిపోయాక అతని దగ్గరికి పరుగెత్తి, "భలే కొట్టినవ్‌రా, నిజంగ కొట్టినట్టే ఉండె" అన్నాను. అతను కొరడా కింద పెట్టి వెళ్ళిపోయాడు. నేను రాసిన మొదటి సమీక్ష అదే. రెండోది నలభై ఏళ్ళ తర్వాత రాశాను. రెండూ ఒకే మనిషి గురించి, ఒకే దెబ్బ గురించి. రెండుసార్లూ నాకు కనబడింది నటన, దర్శకత్వం.

వారపత్రిక సంపాదకుడికి ఒక సవరణ పంపాను. ఆ వ్యక్తి సినిమా బాగాలేక లేచి వెళ్ళలేదని, కారణం తెలుసుకోకుండా రాశానని, రెండే వాక్యాలు. సంపాదకుడు ఫోన్ చేశాడు. "సార్, ఆ సినిమానే ఎవలకూ యాదిలేదు. ఇప్పుడు సవరణంటే జనం నవ్వుతరు." అతను చెప్పింది నిజమే. నేను ఆ పత్రికకు రాయడం మానేశాను. దానివల్ల ఎవరికీ ఏ లాభమూ లేదు.

ఈ ఏడు గుడ్ ఫ్రైడేనాడు సిలువ మార్గం చూడడానికి వెళ్ళాను. ఇప్పుడు వేషం కట్టేది ఎవరో కొత్తతను. మైకులో ఫాదర్ చదువుతున్నాడు. సైనికులు చాలా మెల్లగా కొడుతున్నారు, రంగు మాత్రం బాగా పడుతున్నది. పక్కన ఒక పెద్దావిడ, "జర మెల్లగ బిడ్డా, జర మెల్లగ" అంటూనే ఉంది. చివరిదాకా ఉండాలనే వచ్చాను. అతను ఉండలేనిచోట నేను ఉంటే బాగుంటుందని ఏదో అనుకున్నాను. నాలుగో దెబ్బకు నావల్ల కాలేదు. జనంలోంచి దారి చేసుకుంటూ బయటికి వస్తున్నాను.

గోడవారన నిలబడ్డ ఒకాయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఎప్పుడూ చూడని మనిషి.

"ఏమైంది భాయ్, పోతాండ్రు?"

"ఏం లేదు."

"ఏం లేకుంటె గట్లెందుకున్నరు? కూసోండ్రి ఈడ." అరుగు మీద ఉన్న తన సంచి తీసి చోటిచ్చాడు. నీళ్ళ సీసా మూత తీసి చేతికిచ్చాడు. నేను తాగేదాకా నా ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. వీధిలో సిలువ ముందుకు సాగిపోయింది, ఆయన అటు చూడలేదు.