ఊదారంగు నోటితో క్రిస్మస్ పాట

ఆ రోజుల్లో పెన్సిలిన్ అంటే మందు కాదు, మహిమ. పోలీసు చర్య ముగిసి ఊరు ఇంకా కుదుటపడుతోంది. సికింద్రాబాద్ జనం నిజాం సంగతి ఎంతసేపు మాట్లాడేవారో ఈ కొత్త మందు సంగతీ అంతసేపు మాట్లాడేవారు. నేను ఒక పత్రికలో ప్రూఫులు దిద్దుతూ, ఆదివారాలు మెట్టుగూడలో మా చర్చి క్వయర్‌తో పాడేవాణ్ని. ఆ క్రిస్మస్ ఆరాధనలో ఒక చరణం నేనొక్కణ్నే పాడాలి. ముందు వరుసలో హెడ్మాస్టరుగారు కూర్చుంటారు. వారమ్మాయిని నాకిచ్చేదీ లేనిదీ ఆయన ఇంకా తేల్చలేదు. (అమ్మాయి తేల్చుకుందని నా నమ్మకం.)

సరిగ్గా అప్పుడే గొంతు పట్టేసింది. కార్ఖానా బస్తీలో మందుల షాపు నడిపే మామయ్య పెన్సిలిన్ బిళ్లల సీసా చేతిలో పెట్టి, "చప్పరించరా, కోయిలవైపోతావ్" అన్నాడు. గొంతు త్వరగానే బాగుపడింది. బాగుపడ్డాక ఆపాలని ఎవరికి తోస్తుంది? రోగం వచ్చాక వాడటం కంటే రాకముందే వాడటం తెలివనుకుని, ప్రూఫులు దిద్దుతూ సీసా అంతా పిప్పరమెంట్లలా చప్పరించేశాను. పండగ ముందురోజు అద్దంలో చూసుకుంటే నాలుక మీద పెరుగు తోడుకున్నట్టు తెల్లగా పేరుకుంది. నోరంతా మంట.

మా వీధి డాక్టరు సాబ్ టార్చి వేసి చూశాడు. "ఏందీ భాయ్, మందా, మిఠాయా? నోట్ల చెడ్డ క్రిములుంటయ్, మంచియి సుత ఉంటయ్. నీ బిళ్లలు అన్నింటిని సాఫ్ చేసినయ్. జాగా ఖాళీ అయింది, బూజు షురూ అయింది. దాన్ని పెన్సిలిన్ ఏం చెయ్యదు."

"పెన్సిలిన్‌ని బూజు నుంచే తీస్తారట కదండీ?" (పత్రికలో చదివిన విద్య.)

"గందుకే చుట్టాన్ని ముట్టది. జెర నోరు తెరువు."

దూదితో నోరంతా ఊదారంగు మందు పూశాడు. ఎప్పుడు పోతుందని అడిగాను. "రోగమా, రంగా? రోగమైతే జల్ది పోతది."

మర్నాడు పెదవులు కదిలీ కదలకుండా చరణం చాలావరకు లాగాను. చివర్లో పైస్థాయి ఉంది, అక్కడ నోరు తెరవక తప్పదు. తెరిచాను. ముందు బెంచీలో ఒక పిల్లాడు, "అమ్మా, అన్న నేరేడు పండ్లు తిన్నడే!" అన్నాడు. "చలికాలంల యాడియిరా, చుప్!" అంది తల్లి. వెనక క్వయర్‌లో సగం మంది దగ్గడం మొదలుపెట్టారు. ఆగితే అమ్మాయి దక్కదనిపించి, ఉన్న ఊదా అంతా చూపిస్తూ పూర్తిచేశాను.

బయట హెడ్మాస్టరుగారు నన్ను ఎగాదిగా చూశారు. "ఏవయ్యా, మీ పత్రికవాళ్లు జీతానికి బదులు సిరా తాగిస్తున్నారా?" జరిగింది చెప్పాను. "అలాంటి నోటితో పాడటం దేనికి?" "ఒప్పుకున్నాను కదండీ." ఆయన వెనక అమ్మాయి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆయన ఒకసారి వెనక్కి తిరిగి అమ్మాయిని చూసి, "సరే, రంగు పోయాక ఇంటికి రా" అన్నారు.

ఇప్పుడు ఏ డాక్టరు యాంటీబయాటిక్ రాసినా మా ఆవిడ గిన్నెడు పెరుగు ఎదురుగా పెట్టి, "ఏదీ, నాలుక చాపండి" అంటుంది. చాపుతాను. అంతా మామూలుగానే ఉంటే ఆవిడ ముఖంలో కాస్త నిరుత్సాహం. ఆ ఊదారంగు కుర్రాడు ఇక రాడని ఇద్దరికీ తెలుసు. అయినా చూస్తుంది, నేనూ చూపిస్తాను.