ఎర్ర నూనె ఎటు పోయింది

ఆ కారుకు క్లచ్ లేదంటే వరంగల్‌లో ఎవరూ నమ్మేవారు కాదు. డెబ్బైల చివరి సంవత్సరాలవి. పదకొండేళ్లు లారీ నడిపి, నడుము నొప్పికి తట్టుకోలేక, కొత్తవాడలో జంపఖానాల వ్యాపారం చేసే ఒక సేటు దగ్గర డ్రైవరుగా కుదిరాను. హైదరాబాదులో ఎవరో పెద్దింటివాళ్లు వదిలించుకున్న పాత అమెరికా కారును సేటు కొని తెచ్చాడు. స్టీరింగు ఎడమ పక్క, సీట్లు మంచాలంత. అది ఏ కంపెనీదో ఇక్కడ రాయను. జరిగినదాంట్లో తప్పు కంపెనీది కాదు, కారుది అసలే కాదు.

గేర్లు ఆ కారు తనంతట తానే మార్చుకునేది. గేరుబాక్సులో పల్చటి ఎర్ర నూనె ఉండేది. ఆ నూనె ఒత్తిడితోనే లోపల గేర్లు మారతాయని, అది తగ్గకుండా చూసుకోవాలని, కారు అప్పగించిన హైదరాబాదు డ్రైవరు నన్ను ఒక పూట కూర్చోబెట్టి చెప్పాడు. ఆ నూనె మా ఊళ్లో దొరకదు. డబ్బాల్లో హైదరాబాదు నుంచే తెప్పించాలి.

మొదటి రెండు నెలలు ఏ ఇబ్బందీ లేదు. సేటు తల్లిని అందరం అవ్వ అని పిలిచేవాళ్లం. వారానికొకసారి ఆమెను స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉన్న కూతురింటికి తీసుకుపోయి సాయంత్రానికి తెచ్చేవాణ్ని. వెనక సీట్లో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుని, దారి పొడుగునా మాట్లాడుతూనే ఉండేది.

మూడో నెలలో కుదుపు మొదలైంది. మొదటి గేరు నుంచి రెండోదానికి మారాల్సిన చోట మారకుండా ఇంజను అరిచేది. ఎప్పటికో మారేది. మారినప్పుడు వెనక నుంచి ఎవరో గుద్దినట్టు కారంతా అదిరేది. ఒకరోజు సేటు నోట్లో ఉన్న వక్కపొడి తెల్లటి లాల్చీ మీద పడింది.

"ఏందోయ్, లారీ అనుకుంటానవా దీన్ని?" అన్నాడు.

"నేనేం చేస్తలేను సేటు. గేరు అదే ఆలస్యంగ పడుతాంది."

"మొన్నటిదాక మంచిగనే ఉండె గదా?"

హన్మకొండ పోయే తోవలో ఒక పెద్ద షెడ్డు ఉండేది. దాని యజమానిని అందరూ ఉస్తాద్ అనేవారు. కారును ఆయన దగ్గరికి తీసుకుపోయాం. అటువంటి గేరుబాక్సు ఆయన జన్మలో చూడలేదు. చూడకపోవడం తప్పు కాదు, నేనూ చూడలేదు. "నాకు తెల్వదు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట అనలేక ఆయన నా పక్కన కూర్చుని మార్కెట్ దాకా ఒక చుట్టు తిరిగి, దిగి, సేటుతో, "కారుకు ఏ రోగం లేదు సేటు. మీ డ్రైవర్ కాలు లారీ కాలు. గంతే," అన్నాడు. సేటు నవ్వాడు. షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను తల వంచుకుని కారెక్కాను. అప్పుడే ఎదురు చెప్పనందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

నాలుగు రోజుల తర్వాత ఎర్ర నూనె ఎంతుందో చూద్దామని కడ్డీ తీస్తే, గుర్తుకు రెండు వేళ్లు కింద ఉంది. డబ్బా విప్పి నింపాను. ఘన్‌పూర్ పోయి వచ్చేసరికి మళ్లీ తగ్గింది. అప్పటికే వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ కూడా రావడం మొదలైంది. దాచకుండా రెండూ సేటుకు చెప్పాను. సేటు ఉస్తాద్‌ను దుకాణానికే పిలిపించాడు.

పొగ చూసి ఉస్తాద్, "ఇంజన్ రింగులు పోయినై, ఇంజన్ దించాలె," అన్నాడు. నూనె సంగతి అడిగితే కారు కిందికి వంగి చూశాడు. పొడిగా ఉంది. లేచి చేతులు తుడుచుకుంటూ, "కింద కారుతలేదు. మరి డబ్బాలకు డబ్బాలు ఏడికి పోతానయి సేటు? గా నూనె ఎవరన్న కొనుక్కుంటరు," అని నా వైపు చూశాడు. దుకాణంలో గద్దె మీద నలుగురు వ్యాపారులు కూర్చుని ఉన్నారు. వాళ్లూ చూశారు.

నాకు ఒళ్లు మండింది. ఎక్కడో కారుతూ ఉంటుంది, అందరికీ చూపిస్తాననుకుని, ఆ సాయంత్రం రంగు వేయని తెల్ల జంపఖానా ఒకటి గోదాము నుంచి అడిగి తెచ్చి కారు కింద పరిచాను. తెల్లారి అందరి ముందు లాగి చూశాను. ఒక్క చుక్క లేదు. నా అమాయకత్వం కొద్దీ నేనే చేసిన పరీక్ష నా మీదే సాక్ష్యమైంది. సేటు జంపఖానాను మడత పెట్టి లోపల వేయమన్నాడు, అంతే.

మా ఇంట్లో ఆ నూనె డబ్బా ఒకటి ఉన్న మాట నిజం. ఖాళీ డబ్బా. పారేయడం ఎందుకని తెచ్చుకుంటే, నా భార్య సున్నపు నీళ్లతో కడిగి, ఎండబెట్టి, బియ్యం పోసుకుంది. తెచ్చుకునేటప్పుడు నేను ఎవరినీ అడగలేదు. ఖాళీ డబ్బాకు కూడా అడగాలని తోచలేదు. మర్నాడు నేను కారుతో ధర్మసాగర్ పోయిన సమయం చూసి, సేటు తన గుమస్తాను మా ఇంటికి పంపాడు. ఆయన లోపలికి వచ్చి డబ్బా కనిపించగానే బియ్యం నేల మీద కుమ్మరించి, డబ్బా వాసన చూశాడట. వాకిట్లో పక్కింటి ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారట. నేను ఇంటికి పోయేసరికి నా భార్య చాటలో బియ్యం వేసి మట్టిగడ్డలు ఏరుతోంది.

"ఇప్పుడే పోయి తాళాలు మొఖాన కొట్టి వస్త," అన్నాను.

"ఇప్పుడు మానేస్తే దొంగనే అంటరు. నూనె ఏడికి పోతాందో చూపెట్టు. చూపెట్టినంక మానెయ్," అంది తల ఎత్తకుండానే.

ఆ మాటతో నా కోపానికి ఒక పని దొరికింది. రాత్రంతా కాదు గానీ, మర్నాడు స్టీరింగు పట్టుకున్నంతసేపూ అదే ఆలోచించాను. రింగులు పోయిన లారీలు నేను ఎన్ని నడపలేదు! అవి నీలం పొగ పోస్తాయి, ఇంజను నూనె తాగుతాయి. ఈ కారు ఇంజను నూనె మాత్రం నెల రోజులుగా గుర్తు దగ్గరే నిలిచి ఉంది. తగ్గేది ఎర్ర నూనె ఒక్కటే. పొగ తెలుపు, దాని వాసన వేరు. అంటే ఇంజను తాగుతున్నది తన నూనె కాదు, గేరుబాక్సు నూనె. కానీ గేరుబాక్సు నుంచి ఇంజనులోకి దారేది?

మధ్యాహ్నం సేటు భోజనానికి పోయినప్పుడు కారు కిందికి దూరాను. గేరుబాక్సు పక్కన టీ సాసరంత రేకు డొప్ప ఒకటి బిగించి ఉంది. దాని నుంచి సన్నటి ఇనుప గొట్టం పైకి పోతోంది. వేలితో తడుముకుంటూ పోతే, పైన ఒక రబ్బరు ముక్కతో అది ఇంజను గాలి పీల్చే చోట కలిసింది. లారీ బ్రేకు డొప్పలో ఉన్నట్టే దీని లోపలా రబ్బరు పొర ఉండి ఉంటుంది, అది చినిగితే నూనెకు దారి ఇదే. సేటు చెప్పుల చప్పుడు వినపడి బయటికి వచ్చేశాను. చూసింది ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉస్తాద్‌ను పిలుస్తారు.

ఆ వారం అవ్వను ఘన్‌పూర్ నుంచి తీసుకువస్తున్నాను. ఊరు దాటగానే గేరు మారి కారు ఎంత గట్టిగా గుద్దిందంటే, అవ్వ ముందు సీటు పట్టుకుని, "నా పానం తీస్తవారా కొడుకా!" అంది. వెనక తెల్లటి పొగ రోడ్డంతా కమ్మింది. కారు పక్కకు తీసి ఆపాను. ఇంజను ఆపకుండానే బానెట్ ఎత్తి, ఆ రబ్బరు ముక్క దగ్గర గొట్టం ఊడబెరికాను. గొట్టం కొసన ఎర్రటి నూనె. రబ్బరు లోపలంతా ఎర్రగా తడి.

"అవ్వా, జర దిగి రా. ఒక్కసారి చూడు," అన్నాను.

ఆమె మెల్లగా దిగి వచ్చింది. నా వేలి మీది నూనె తన వేలితో అద్దుకుని చూసింది.

"ఇదేందిరా?"

"మీ కొడుకు నేను అమ్ముకుంటాన్ననుకునే నూనె అవ్వా. ఆ కింది డొప్పలో పొర చినిగింది. ఇంజన్ ఈ గొట్టంలకెల్లి గుంజుకొని తాగుతాంది. గందుకే పొగ, గందుకే గేరు గిట్ల గుద్దుడు."

అవ్వ వేలు కొంగుకు తుడుచుకుంది. "మీ ఇంటికి గుమస్తాను తోలిండట గదా," అంది. అంటే ఆమెకూ తెలుసు.

రోడ్డు పక్క వేప పుల్ల ఒకటి విరిచి రబ్బరుకు బిరడా కొట్టాను. ఊరు చేరేలోపు పొగ మొత్తం ఆగిపోయింది. గేరు గుద్దడం మాత్రం ఆగలేదు. ఆగదు, డొప్ప మార్చాలి.

సేటునూ ఉస్తాద్‌నూ దుకాణం ముందుకు పిలిపించి, వాళ్ల ఎదుటే బిరడా తీసి, గొట్టం తగిలించాను. కొంతసేపటికి పొగ లేచింది. మళ్లీ బిరడా కొట్టి ఇంజను కాసేపు తిరగనిచ్చాను. పొగ తగ్గిపోయింది. ఎర్ర నూనె అంటిన వేలు ఉస్తాద్ ముక్కు దగ్గర పెట్టాను. ఆయన, "గదే, నాకు గూడ గదే అనుమానం ఉండె," అన్నాడు. ఇంజను దించుతానన్న మనిషి!

వారంలో హైదరాబాదు నుంచి డొప్ప వచ్చింది. అరచేతిలో పట్టేంత వస్తువు. నేనే కిందికి దూరి బిగించాను, అరగంట పని. మర్నాడు అవ్వ వెనక సీట్లోంచి, "రెండో గేరు పడ్డదారా?" అని అడిగింది. "మూడోది గూడ పడ్డదవ్వా," అన్నాను. ఆ ఒక్క నిమిషం సంతోషంగా ఉన్నాను.

రెండు రోజులకు దుకాణంలో అవే నాలుగు మొహాలు గద్దె మీద ఉన్నాయి. సేటు వాళ్లకు కారు ముచ్చట చెబుతున్నాడు. "ఉస్తాద్ మొనగాడు. ఒక్క చిన్న డొప్ప అని కనిపెట్టిండు," అన్నాడు. నేను తాళాలు పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాను.

"సేటు, ఒక్క మాట," అన్నాను. "నూనె నేను తీయలేదని వీళ్ల ముంగట చెప్పుండ్రి. ఇంకేం వద్దు."

సేటు మొహం చిట్లించాడు. "అయిపోయిన ముచ్చట ఎందుకు తవ్వుతవోయ్? నిన్ను దొంగ అని నేనెప్పుడన్న? నా నోటితోని ఒక్కసారన్న అన్ననా?"

అనలేదు. నిజమే. నోటితో ఒక్కసారి కూడా అనలేదు. ఉస్తాద్ అంటుంటే విన్నాడు, జంపఖానా మడత పెట్టించాడు, మా ఇంటికి మనిషిని పంపాడు. అనకుండానే అన్నీ చేశాడు. తాళాలు గద్దె మీద పెట్టాను.

"కొత్త సంవత్సరానికి బట్టలు పెడదామనుకున్న. కూసో, చాయ్ తాగు," అన్నాడు.

"మా ఇంట్ల ఉన్నయి సేటు," అని వచ్చేశాను.

మళ్లీ లారీ ఎక్కాను. నడుము నొప్పి మళ్లీ వచ్చింది. అది ఎనభైలు గడిచేదాకా నన్ను వదల్లేదు. ఉస్తాద్ మాత్రం తన షెడ్డు ముందు కొత్త బోర్డు రాయించుకున్నాడు: ఇచ్చట క్లచ్ లేని ఫారిన్ కార్లు బాగుచేయబడును. ఆ బోర్డు కనిపించినప్పుడల్లా హారన్ గట్టిగా మోగించి పోయేవాణ్ని. చిన్నతనమే. అయినా మోగించేవాణ్ని.

కొన్ని నెలల తర్వాత ఒక ఉదయం బస్టాండులో అవ్వ కనిపించింది. చేతిలో సంచి, పక్కన ఎవరూ లేరు.

"కారు ఏమాయె అవ్వా?" అని అడిగాను.

"ఉన్నది. వాడు తిరుగుతాండు. నేను ఎక్కుత లేను. నిన్ను పిలిచి మాట్లాడేదాక ఎక్కనని చెప్పిన."

"పిలుస్తడా?"

"పిలువడు. వాని సంగతి నాకు తెల్వదా?" అంది. ఘన్‌పూర్ బస్సు వచ్చింది. సంచి అందుకుని, చెయ్యి పట్టి మెట్టు ఎక్కించాను. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది, అందులో కూర్చుంది. ఆ వయసులో, ఆ కుదుపుల బస్సులో ఆమె పోవడం నాకు బాధగానే ఉండింది. కానీ వద్దని చెప్పలేదు. ఎవరో ఒకరు నా తరఫున ఏదో ఒకటి చేశారు. ఆ నలుగురు వ్యాపారుల ముందు ఆ మాట చెప్పాల్సిన మనిషి మాత్రం చెప్పనే లేదు. అందుకే నా కోపం అణా వంతు కూడా తగ్గలేదు, తగ్గించుకోవాలని నేను అనుకోనూ లేదు.