సీటు కుట్టులో మూడు చేతులు

చిరిగిన బట్టను చేతికిస్తే అది ఎలా చిరిగిందో చెప్పగలిగే మనుషులు లోకంలో ఎందరున్నారో గాని, ఆ వీధిలో ఒకామె ఉండేది. చొక్కా మోచెయ్యి అరిగిన తీరు చూసి ఆ మనిషి ఏ చేత్తో రాస్తాడో, అతను పనిచేసే బల్ల ఎంత ఎత్తుంటుందో చెప్పేది. ఇంటి ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడకు వరసగా కొట్టిన మేకులకు దారపు రీళ్ళు. కొత్త బట్టలు కుట్టమని వచ్చినవాళ్ళను పక్కవీధి టైలరు దగ్గరికి పంపేసేది. ఆమె దగ్గరికి చేరేవన్నీ చిరిగినవి, బిగుతైనవి, ఎవరో కుట్టి పాడుచేసినవి. అందుకే వీధివీధంతా ఆమెను రిపేర్ల అక్క అనేది.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. బడిపిల్లల వ్యాను నడుపుతాడు. పుట్టినప్పటినుంచీ అక్కను చూస్తూనే ఉన్నాడు గనుక ఆమెను గురించి తెలుసుకోవలసింది ఇంకేమీ లేదనుకున్నాడు. ఆమె పని మీద అతనికున్న అభిప్రాయమల్లా, అక్క ఓపికస్తురాలు అన్నదే. ఆ ఓపిక వెనక ఎంత విద్య ఉందో అతనికి తెలియజెప్పింది ఒక కారు. అది కూడా అతను ఏరికోరి ఆమె చేత కొనిపించిన కారు.

పద్నాలుగో ఏట ఆమె ఒక బట్టల కార్ఖానాలో చేరింది. అక్కడ ఆమెకు ఇచ్చింది కుట్టే పని కాదు, విప్పే పని. తనిఖీలో పనికిరావని తోసేసిన చొక్కాలు గుట్టలుగా ఆమె బల్ల మీదికి వచ్చేవి. తప్పిన కుట్టు ఏదో కనిపెట్టి, గుడ్డకు గీత పడకుండా అదొక్కటే విప్పి పంపాలి. తొమ్మిదేళ్ళపాటు అదే పని. కుట్టేవాళ్ళు నలభైమంది ఉంటే, ఏ చొక్కా ఎవరి చేతిదో చివరికి కళ్ళు మూసుకుని వేళ్ళతో చెప్పేదట. ఇంట్లో ఎవరూ ఈ సంగతిని పొగడ్తగా చెప్పుకోలేదు. ఆమెకైతే అది చెప్పుకోవలసిన సంగతి అనే తోచలేదు.

ఊరి అవతలి ఆసుపత్రిలో దుప్పట్లు, తెరలు, డాక్టర్ల కోట్లు బాగుచేసే పని ఆమెకు ఏడాదికి కుదిరింది. ఆ భరోసాతో ఇద్దరు ఆడవాళ్ళను పనిలో పెట్టుకుంది. ప్రతి సోమవారం పొద్దున్నే మూటలు దించాలి, పాతవి ఎత్తుకు రావాలి. రెండు బస్సులు మారే ప్రయాణం. ఏడాది తిరిగేలోగా సొంత బండి చూసుకోకపోతే ఒప్పందం పొడిగించేది లేదని ఆసుపత్రి స్టోరు అధికారి ముందే చెప్పేశాడు. అందుకని పన్నెండేళ్ళు దాచిన డబ్బుతో ఆమె పాత కారు కొనడానికి బయలుదేరింది. కార్ల సంగతి తెలిసినవాడని తమ్ముణ్ణి వెంటబెట్టుకుంది.

పాత కార్లమ్మే ఆ స్థలంలో తమ్ముడు గంటసేపు బానెట్ ఎత్తి చూశాడు. ఇంజన్ ఆన్ చేయించి, ఆపించి, మళ్ళీ ఆన్ చేయించి, చెవి ఒగ్గి విన్నాడు.

"పాట పాడుతోందక్కా. కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు."

"ఒక్కరే వాడారు మేడమ్, కన్నబిడ్డలా చూసుకున్నారు," అన్నాడు ఆ స్థలం యజమాని. రసీదు అడుగున చీమంత అక్షరాల్లో 'వాహనం ఉన్నది ఉన్నట్టుగా అమ్మబడినది' అని ఉంది. ఆమె దాన్ని చదివే సంతకం పెట్టింది. చదివినా పెట్టక తప్పని సంతకాలను ఒప్పందాలని పిలవడం మనకు అలవాటైపోయింది.

ఇంటికి వచ్చాక చూస్తే డ్రైవరు సీటు పక్కన జానెడు కుట్టు ఊడి ఉంది. తమ్ముడు టీ తాగి వచ్చేసరికి ఆమె నేల మీద మోకాళ్ళూని, వంకరసూదితో దాన్ని కుట్టేసింది.

"బండి వచ్చి గంట కాలేదు, అప్పుడే మొదలెట్టావా?"

"ఊడిన కుట్టు కనిపిస్తే నాకు అన్నం సయించదురా."

మర్నాడు కాగితాల కోసం వెళితే యజమాని సీటు చూసి మెచ్చుకున్నాడు కూడా. "అబ్బో, అప్పుడే కుట్టేశారే! మీలాంటి చేతుల్లో పడాలి మేడమ్ బండంటే."

మూడో వారం నుంచి కారు తన బుద్ధి బయటపెట్టింది. ఎడమకు తిప్పితే హారన్ మోగేది. మండుటెండలో వైపర్లు వాటంతటవే ఊగేవి. ఆపి దిగిపోయాక ఒక అద్దం నింపాదిగా కిందికి జారేది. "మన బండికి నా మాట కంటే మీ అక్క మాటంటేనే భయం. ఆవిడ కూర్చుంటే తప్ప కదలదు," అని ఆమె భర్త బావమరిదితో వేళాకోళమాడాడు. తర్వాత ఒక సోమవారం ఆసుపత్రి మూటలతో సహా వంతెన మధ్యలో ఆగిపోయి, ఆమె కూర్చున్నా కదలలేదు.

మెకానిక్ స్టీరింగు కింది మూత విప్పాడు. వైర్ల మొనలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. సందుల్లో పిండిలాంటి సన్నటి ఒండ్రు.

"తమ్ముడూ, ఈ బండి ఈత కొట్టింది. సీటు తడిసేదాకా నీళ్ళలో నిలబడింది. ఇంజన్ కడిగి నీకు చూపించారు. వైర్లు కడగలేరు కదా."

తమ్ముడు బానెట్ వైపు చూశాడు. అంతసేపు చెవి ఒగ్గి విన్నది, కడిగిపెట్టిన ఇంజన్ని.

యజమాని మాత్రం చేతులు దులుపుకున్నాడు. తాను అమ్మినప్పుడు బండి బంగారంలా ఉందన్నాడు. ఆ తర్వాత ఏ నీళ్ళలో దింపారో వాళ్ళకే తెలియాలన్నాడు. చివరికి మెత్తబడినట్టు కనిపించి, వైర్లు ఉచితంగా మార్పిస్తాను, ఇక ఏ ఫిర్యాదూ లేదని ఒక్క సంతకం పెట్టండన్నాడు.

"పెట్టేద్దామక్కా. కోర్టంటే కాళ్ళరిగిపోతాయి."

"బస్సులెక్కి అరిగిన కాళ్ళే కదరా, ఇంకాస్త అరుగుతాయి. ఇవాళ ఒక వైరు మారుస్తాడు, రేపు పక్కది పోతుంది. అప్పుడు వెళ్ళి అడిగితే ఈ సంతకం తీసి నా మొహాన పెడతాడు."

"తప్పు నాది. నేనే చూసి చెప్పాను."

"నీ చెవికి వినిపించింది నువ్వు చెప్పావు. వినపడకుండా చేసినవాడిది తప్పు."

ఆమె న్యాయశాస్త్రం చదవలేదు. అయినా ఆ శాస్త్రం పుస్తకాల నిండా తిరిగి తిరిగి చెప్పేది ఇదే. పాత వస్తువు కొన్నవాడు దాని పాతదనానికి ఒప్పుకుంటాడు, అరిగిన టైర్లకు, వెలిసిన రంగుకు ఒప్పుకుంటాడు. అమ్మేవాడు తెలిసి దాచినదానికి అతను ఒప్పుకున్నట్టు ఏ రసీదూ చెప్పజాలదు. ఈ మాట అమ్మేవాడికి తెలుసు. కొనేవాడికి తెలియదన్న నమ్మకం మీదే ఎందరి వ్యాపారమో నడుస్తోంది.

వినియోగదారుల న్యాయస్థానంలో లాయరు లేకుండానే ఫిర్యాదు పెట్టవచ్చని అక్కడి గుమాస్తా చెప్పాడు. ఏ రోజు ఏది చెడిందో తేదీలతో రాయమన్నాడు, మెకానిక్ చేత కాగితం తెమ్మన్నాడు, యజమానికి ముందుగా ఉత్తరం రాసి అందినట్టు రసీదు దాచుకోమన్నాడు. "ఇక బండి మీద చెయ్యి వెయ్యకండమ్మా. ఎలా ఉందో అలా ఉండనివ్వండి," అని కూడా అన్నాడు. చెయ్యి ఆమె అప్పటికే వేసేసింది.

ఏడు నెలలు గడిచాయి. సోమవారాలు తమ్ముడే వ్యాను పని మొదలయ్యేలోగా మూటలు భుజాన వేసుకుని ఆమెతో మొదటి బస్సెక్కేవాడు. ఒప్పందం గడువు ఇంకో రెండు నెలల్లో ముగుస్తుంది. డబ్బంతా కదలని కారులో ఉంది. ఈలోగా న్యాయస్థానం పంపిన ఇంజనీరు కారును పరీక్షించి నివేదిక ఇచ్చాడు: లోపలికి నీరు చేరిన మాట వాస్తవం, అమ్మకానికి ముందు చేరిందా తర్వాతా అన్నది చెప్పలేను. చట్టం హక్కునైతే ఇచ్చింది. ఆ హక్కు కాస్తా 'చెప్పలేను' అనే ఒక్క మాట దగ్గర ఆగిపోయింది.

విచారణ రోజు యజమాని తరఫు లాయరు ఆ మాటనే పట్టుకున్నాడు.

"ఈవిడ బండి కొన్న మర్నాటికే సీటు విప్పి కుట్టేశారు. మా క్లయింటు కళ్ళారా చూశారు. తేదీతో సహా మా జవాబులో రాశాం. ఇంకేం విప్పారో, ఎక్కడ తడిపారో ఎవరికి తెలుసు?"

పీఠం మీద కూర్చున్న అధ్యక్షురాలు కళ్ళజోడు సర్దుకుంది. "మీరు కుట్టారా అమ్మా?"

"కుట్టానండి."

తమ్ముడు తల పట్టుకున్నాడు. అయిపోయింది, సొంత నోటితో ఒప్పేసుకుంది. ఆమె మాత్రం లాయరు వైపు తిరిగి, తాను బాగుచేయవలసిన కోటును చూసినట్టు అతణ్ణి నిదానంగా చూసింది.

"బాబూ, నా కుట్టు ఆయన చూసింది మర్నాడేనా? తర్వాత కాదుగా?"

"మర్నాడే. కావాలంటే చదువుతాను."

"వద్దు, పదిసార్లు చదివాను." ఆమె పీఠం వైపు తిరిగింది. "అమ్మా, పరీక్షకని లాగించుకొచ్చిన కారు మీ ఆవరణలోనే ఉంది. అందరి ఎదుటా ఆ సీటు విప్పడానికి సెలవిప్పించండి."

పావుగంటలో అందరూ కిందికి దిగారు. గేటు దగ్గర కాపలావాడు కత్తెర లోపలికి రానివ్వలేదు గనుక, అధ్యక్షురాలి దగ్గరే ఒక పిన్నీసు అడిగి తీసుకుంది. తలుపు తెరిచి, నేల మీద మోకాళ్ళూని, సీటు అంచును వేళ్ళతో ఒకసారి తడిమింది.

"ఇది నా కుట్టు. బూడిదరంగు దారం, చేతి కుట్టు. శుభ్రంగా ఉంది చూడండి, ఎక్కడా మరక లేదు."

పిన్నీసు మొనతో ఒక్కొక్క పోగునే లేపింది. దారం తెగలేదు. గుడ్డ కదల్లేదు. ఇంజనీరు తనకు తెలియకుండానే మోకాళ్ళ మీదికి వంగాడు.

"నా దారం కింద ఇంకోటుంది. నల్లటి నైలాను. మిషను మీద కుట్టారు, హడావిడిగా కుట్టారు, మూల తిరిగేచోట కుట్లు దాటేశారు. అందుకే జానెడు ఊడింది. దాని కొస మీదుగా నేను కుట్టాను, నాది విప్పకుండా దాన్ని విప్పలేరు. ఇది కూడా శుభ్రంగానే ఉంది."

నల్ల దారం కూడా లేచింది. కవరు అంచు తెరుచుకుంది. లోపలి మడతలో, కారు తయారైన కార్ఖానాలో వేసిన అసలు కుట్టు కనిపించింది. ఒకప్పుడది బూడిదరంగు దారం. ఇప్పుడు బురద రంగు. సీటు పొడుగునా, స్కేలు పెట్టి గీసినట్టు, ఒక ఎత్తు వరకు గోధుమరంగు, ఆపైన అసలు రంగు. పాత సూది రంధ్రాల నిండా ఒండ్రు గట్టిపడి ఉంది. ఆ ఒండ్రును పొడుచుకుని నల్ల దారం కొత్త రంధ్రాలు చేసుకుంటూ పోయింది.

"మూడు చేతులండి ఇవి. మొదటిది కార్ఖానాది, నీళ్ళు తాగింది. రెండోది ఎవరో సీటు విప్పి, లోపలి ఫోమ్ ఆరబెట్టి కుట్టింది. మూడోది నాది. నీళ్ళు నేను కొన్నాక వచ్చుంటే మూడు దారాలూ తడవాలి కదా? మొదటిదొక్కటే తడిసింది. మిగతా రెండింటికీ ఆ నీళ్ళ మొహమే తెలియదు. నాది కొన్న మర్నాటికే ఉందని ఆయనే అంటున్నారు. మరి దానికి ముందుది ఎప్పటిది?"

తమ్ముడు నోరు వెళ్ళబెట్టి నిలబడ్డాడు. అక్క వేళ్ళను అతను ఎప్పుడూ చూస్తూనే ఉన్నాడు, అన్నం వడ్డించేటప్పుడు, జ్వరానికి నుదురు పట్టి చూసేటప్పుడు. నీటికి, దారానికి మధ్య నడిచిన చరిత్రను అక్షరం తప్పకుండా చదవగల వేళ్ళవి అని అతనికి తోచనే లేదు. గంటసేపు చెవి ఒగ్గినా తనకు వినిపించనిది, ఒక పిన్నీసుతో ఆమె అందరికీ చూపించేసింది.

అధ్యక్షురాలు యజమాని వైపు చూసింది. "ఈ రెండో కుట్టు ఎవరిది?"

యజమాని నీళ్ళు నమిలాడు. "అంటే... వాసనొస్తోందని ఫోమ్ తీసి ఆరబెట్టించామండి, అంతే. అది పెద్ద రిపేరేం కాదు..."

లాయరు కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఇంజనీరు ఆమె పక్కన అలాగే కూర్చుని, జేబులోంచి నోటుపుస్తకం తీశాడు. "అమ్మా, ఆ మూల తిరిగేచోట కుట్లు దాటడం అన్నారే, అది మళ్ళీ చూపిస్తారా?" ఆమె చూపించింది. అతను బొమ్మ గీసుకున్నాడు, కొలతలు వేసుకున్నాడు, ఏ దారం పైన ఏది ఉందో ఆమెను అడిగి అడిగి రాసుకున్నాడు. వారం తిరక్కుండా అదనపు నివేదిక ఇచ్చాడు. ఈసారి అందులో 'చెప్పలేను' అన్న మాట లేదు.

తీర్పు నాలుగు పేజీలు. 'ఉన్నది ఉన్నట్టుగా' అన్న షరతు కొనేవారికి కనబడే లోపాలకే వర్తిస్తుందని, అమ్మేవారు తెలిసి కప్పిపుచ్చినదానికి అది తెర కాజాలదని అందులో ఉంది. కారు వెనక్కు తీసుకుని, పూర్తి ధర, ఖర్చులు, నష్టపరిహారం నెలలోగా చెల్లించాలని ఉంది. గడువుకు రెండు రోజుల ముందు యజమాని చెల్లించాడు. ఆసుపత్రి ఒప్పందానికి ఇంకా పద్నాలుగు రోజులున్నాయి.

తాళాలు అప్పగించడానికి అక్కాతమ్ముళ్ళు ఆ స్థలానికి వెళ్ళినప్పుడు, ఎండలో మెరుస్తున్న ఒక నీలం కారు చుట్టూ కొత్తగా పెళ్ళయినట్టున్న జంట తిరుగుతోంది. కుర్రాడు బానెట్ ఎత్తి చెవి ఒగ్గి ఉన్నాడు. రిపేర్ల అక్క వాళ్ళ దగ్గర ఆగింది.

"అమ్మాయ్, ఇంజన్ అబ్బాయి వింటాడులే. నువ్విలా రా. ఈ సీటు పక్కన మడత కిందికి వేలు పోనివ్వు. గరగరమంటోందా, మెత్తగా ఉందా?"

"మేడమ్, మీ పని అయిపోయిందిగా!" అన్నాడు యజమాని, లోపలి నుంచి దాదాపు పరిగెత్తుకొస్తూ.

"ఉండవయ్యా, పిల్ల చూస్తోంది."

ఆ అమ్మాయి భుజాన ఉన్న సంచిని భర్త చేతికిచ్చి, తలుపు తెరిచి వంగింది. తమ్ముడు ఆమె ముఖాన్ని గాని, యజమాని ముఖాన్ని గాని చూడలేదు. ఆమె వేలినే చూస్తున్నాడు.