అరచేతిలో ఐపీ అడ్రసు

2007. అనకాపల్లి మెయిన్ రోడ్డులో, మందుల షాపు పక్క సందు మొదట్లో నాకు ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్‌తో కట్టిన కేబిన్లు, కరెంటు పోయినప్పుడల్లా కుయ్యోమనే యూపీఎస్, గోడకి మా అత్తగారు తగిలించిన బైబిలు వాక్యం. నెట్టు సెంటర్లో కూర్చునే ఆడదానికి దేవుడి కాపలా ఉండాలని ఆవిడ ఉద్దేశం. దేవుడి దాకా ఎందుకు, నీ నోరుంది కదా కాపలాకి అని మా ఆయన వెక్కిరించేవారు.

సెంటర్‌తోపాటు నేనొక ఫోరం కూడా నడిపేదాన్ని. ఫోరం అంటే ఇంటర్నెట్‌లో ఒకరు ప్రశ్న పెడితే తక్కినవాళ్లు దాని కింద జవాబులు రాసే చోటు. గల్ఫ్‌లో, హైదరాబాదులో, ఇంకా ఎక్కడెక్కడో ఉన్న మనవాళ్లు అందులో చేరి, బెల్లం మార్కెట్లో ధర ఎలా ఉందనే దగ్గర్నుంచి ఫలానా మేష్టారు బతికే ఉన్నారా అనేదాకా అన్నీ అడిగేవారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవారు. చదవడానికి కళ్లు లాగేసేవి గానీ, చదవకుండా ఉండలేకపోయేదాన్ని.

అందులో 'బెల్లంముక్క' అని ఒక పిల్ల ఉండేది. అది పెట్టుడు పేరు, అసలు పేరు ఎవరికీ తెలీదు. నర్సింగ్ చదువుతోందని మాత్రం ఆమె జవాబుల్ని బట్టి తెలిసేది. ఎవరైనా తల్లికి సుగర్ వచ్చిందని రాస్తే మందులూ, తిండీ అన్నీ ఓపిగ్గా చెప్పి, చివర్న "బెల్లం మానెయ్యమని అనకాపల్లి మనిషికి చెప్పడం నాకూ కష్టమేనండీ" అని రాసేది. ఒకసారి నాకు విడిగా మెసేజ్ పెట్టింది. "అక్కా, నా వివరాలు ఇక్కడ ఎవరికైనా కనబడతాయా? నేను ఇంట్లో చెప్పకుండా వచ్చేసేను. మా మేనమామకిచ్చి చేసెయ్యబోతే వచ్చేసేను. చదువు పూర్తయ్యేదాకా నేనెక్కడున్నానో తెలియకూడదు." నాకు తప్ప ఎవరికీ కనబడవమ్మా, నువ్వు నిశ్చింతగా చదువుకో అని రాసేను. అప్పటికి అది నిజమే.

తరవాత జనం పెరిగేరు. జనంతోపాటు బూతులూ, కులాల గొడవలూ, ఎక్కడివో దిక్కుమాలిన ప్రకటనలూ పెరిగేయి. ఒక్కదాన్నే ఊడ్చుకోలేక చచ్చేదాన్ని. మోడరేటర్ని పెడదామని అందరూ అన్నారు. మోడరేటరంటే చెత్త పోస్టులు తీసెయ్యడానికి, తగువులు ఆపడానికి, మాట వినని వాళ్లని బయటకి పంపడానికి అధికారం ఉన్న మనిషి. దానికో పానెల్, అంటే మామూలు సభ్యులకి కనబడని పేజీ, ఉంటుంది. మేం వాడే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఆ పేజీ తెరిస్తే ప్రతి పోస్టు పక్కనా రాసినవాళ్ల ఈమెయిలూ, ఐపీ అడ్రసూ కనబడేవి. ఐపీ అడ్రసంటే ఆ కంప్యూటరు ఏ లైను మీద నుంచి మాట్లాడుతోందో చెప్పే చుక్కల నెంబరు.

ఫోరంలోనే ఓటింగు పెట్టేం. నిలబడింది ఇద్దరు. ఒకాయన సత్తిబావ. బెల్లం మార్కెట్లో వ్యాపారం. ఊళ్లో మగాళ్లందరికీ బావే, ఆడవాళ్లందరికీ అన్నయ్యే. ఏ ఇంట్లో తగువొచ్చినా ఆయన్నే కూర్చోబెట్టేవారు. నోరు మంచిదయితే ఊరు మంచిదంటారే, ఆ సామెత ఆయన కోసమే పుట్టిందనుకునేదాన్ని.

రెండోవాడు ప్రకాష్. రావికమతం మనిషి, మా ఊళ్లో ఒక లేబ్‌లో టెక్నీషియన్. మాట పెళుసు, ముక్కు మీద కోపం. ఫోరంలో వాడితో గొడవ పడనివాడు లేడు. నాకూ వాడి మీద మంటే. ఒకసారి మా తోటికోడలు రక్తపరీక్షకిచ్చింది. రిపోర్టు తెద్దామని నేను వెళ్తే వాడు ఇవ్వలేదు.

"అక్కా, పేషెంటు మీరా?" అన్నాడు.

"మా తోటికోడలయ్యా బాబూ! ఒకే ఇంట్లో ఉంటాం."

"ఒకే ఇంట్లో ఉంటే రక్తం ఒకటైపోద్దేటి? మీది కాదు. ఆవిడ్ని పంపండి."

మా ఊళ్లో ఎవరి రిపోర్టు ఎవరు వెళ్లినా ఇచ్చేసేవారు. మా పిల్లే అంటే చాలు, కాగితం చేతిలో పెట్టి, జబ్బేంటో కూడా చెప్పి పంపేవారు. వీడొక్కడే లాటుగవర్నరు లాగా! దారి పొడుగునా తిట్టుకుంటూ ఇంటికొచ్చేను.

ఓట్ల సంగతి చెప్పేదేముంది? సత్తిబావ గెలిచేడు. ప్రకాష్‌కి వాడి ఓటు వాడైనా వేసుకున్నాడో లేదో. ఓడిపోయేక ఫోరంలో ఒక్క ముక్క రాసేడు. "ఊరందరికీ తెలిసినోడికి ఇచ్చేరు. ఊరందరూ తెలిసినోడంటే నాకు భయం." కుళ్లుబోతు అని అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను.

సత్తిబావ నిజంగానే బాగా చేసేడు. ఇద్దరు కొట్టుకుంటే ఇద్దరికీ ఫోన్లు చేసి "ఒరే బావా, ఇలాటివి నీకు బాగుంటాయేటి?" అని సర్దేవాడు. ఫోరం చల్లబడింది. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం ఆయనే సెంటర్‌కొచ్చేడు. వెనకాల ఇద్దరు. ఒకాయన పంచె కట్టుకుని, భుజాన తువ్వాలుతో ఉన్న పెద్ద రైతు. ఇంకొకడు దిట్టమైన మనిషి, చేతిలో బండి తాళం తిప్పుతూ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కరెంటు లేదు, యూపీఎస్ కుయ్యోమంటోంది.

"సెల్లెమ్మా, సిన్న పనొచ్చింది" అంటూ సత్తిబావ చెయ్యి చాపి అరచెయ్యి చూపించేడు. "ఈ నెంబరు ఏ ఊరిదో నీ కంప్యూటర్లో సూసి సెప్పాల."

అరచేతిలో నీలం బాల్‌పెన్నుతో అంకెలు, మధ్య మధ్య చుక్కలు. చెమటకి ఒక అంకె కాస్త చెదిరింది. అది ఐపీ అడ్రసని చూడగానే తెలిసింది గానీ, ఎవరిదో, ఎందుకో నా బుర్రకి ఎక్కలేదు.

"ఎవరిదన్నయ్యా ఇది?"

"మన బెల్లంముక్క లేదూ? ఆ పిల్లది." పెళ్లి సంబంధం కుదిరిన కబురు చెప్పినంత సంతోషంగా చెప్పేడు. "పానెల్లో ఈమెయిలు సూసేను, ఇంటిపేరుతో సహా ఉంది. ఎక్కడో ఇన్న పేరులాగుందే అనుకుని ఆరా తీసేను. ఇదిగో, మన కోటవురట్ల కొండబాబు మామ కూతురు! ఇల్లొదిలి ఎల్లిపోయి ఏడాది దాటిపోయింది. మామ ఎతకని ఊరు లేదు."

నాకు తప్ప ఎవరికీ కనబడదని నేను రాసిన ముక్క కళ్ల ముందు గిర్రున తిరిగింది. ఆ పిల్ల నన్ను నమ్ముకుని రాసిన పోస్టులు, ఊళ్లో అమ్మలందరికీ చెప్పిన వైద్యం, అన్నీ కలిసి ఈయన అరచేతిలో అంకెలైపోయేయా?

తువ్వాలు వేసుకున్న ఆ కొండబాబు ముందుకొచ్చేడు. "అమ్మా, నా పిల్ల బతికే ఉందని నిన్నే తెలిసింది. ఆ ఊరేదో సెప్పండమ్మా, సాలు."

ఆయన కళ్లు చూస్తే చెప్పేసేదాన్నేమో, అబద్ధమెందుకు. అంతలో గుమ్మం దగ్గరున్నవాడు తాళం తిప్పడం ఆపేడు. "ఊరు సెప్పండి. మిగతాది మేం సూసుకుంటాం" అన్నాడు. అడక్కుండానే తెలిసిపోయింది, ఆ మేనమామ వీడేనని.

"ఆ నెంబరు బట్టి ఏం తెలీదన్నయ్యా, అది మారిపోతూ ఉంటుంది" అన్నాను.

"తెలుస్తాదని నువ్వే సెప్పేవు కదే, ఆ దొంగ ప్రకటనలోడి ఊరు పట్టుకున్నప్పుడు!"

ఇక అబద్ధాలు పనికిరావనిపించింది. కుర్చీ లాక్కుని నా కంప్యూటర్ ముందు కూర్చుని ఫోరం తెరిచేను. సత్తిబావ నా భుజం మీంచి వంగి చూస్తున్నాడు, ఊరు వెతుకుతున్నాననుకుని.

"ఏటి సేత్తన్నావు సెల్లెమ్మా?"

"మీ అధికారం తీసేత్తన్నాను అన్నయ్యా."

స్క్రీన్ మీద ఆయన పేరు పక్కనుంచి మోడరేటరన్న మాట పోయింది. ఆయన మొహం చూడాలి! దొంగతనం అంటగట్టినట్టు తెల్లబోయేడు. నాకు తిట్టాలనుంది, నోటినిండా తిట్లున్నాయి. అంతలో ఆయనే అందుకున్నాడు.

"నేనేం తప్పు సేసేనే? తండ్రికి బిడ్డని సూపించడం తప్పా? పెద్దమనిషినని కదా నన్ను ఎన్నుకున్నారు! ఆడపిల్ల ఇల్లొదిలిపోతే పెద్దమనిషన్నోడు సేసే పనే కదా నేను సేసేను!"

అయ్యో దేవుడా, ఆ మాటలో కల్మషం లేదు. దొంగయితే తన్ని తగిలేద్దును. ఈయన ధర్మం చేస్తున్నాననుకుంటున్నాడు. ఆ పానెల్ తాళం ఇచ్చింది బూతులు ఊడవడానికని ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయనకి తోచనూ లేదు. మాకందరికీ కూడా పెద్దరికమంటే అదే కదా, ఎవరింట్లో ఏముందో తెలుసుకోవడం, తెలిసింది చెప్పాల్సినవాళ్లకి చెప్పడం.

"నువ్వు సెప్పకపోతే ఊళ్లో ఇంకో సెంటర్ లేదేటి?" అని మేనమామ బండి తీసేడు. ముగ్గురూ వెళ్లిపోయేరు. వెళ్తూ వెళ్తూ కొండబాబు నాకు దణ్ణం పెట్టేడు. అదింకా పొడిచింది.

ఆ పిల్లకి మెసేజ్ పెట్టేను. పెట్టి ఏం లాభం? ఆమె ఆదివారం సెలవప్పుడే నెట్టు చూస్తానని రాసేది. ఆదివారం ఇంకా ఎక్కడో ఉంది. ఫోన్ నెంబరు లేదు. ఆ ఊరేదో వీళ్లకి మరో గంటలో తెలిసిపోతుంది. ఏం చెయ్యాలో తోచక, ఆరోగ్యం పేజీలో ఆమెతో ఎక్కువగా మాట్లాడేది ఎవరా అని వెతికితే ప్రకాష్. సుగర్ లెక్కల మీద ఇద్దరూ దెబ్బలాడుకునేవారు. లేబ్‌కి ఫోన్ చేసేను.

"ప్రకాష్, బెల్లంముక్క నీకు తెలుసా?"

"నీకెందుకక్కా?" అన్నాడు, ఎప్పట్లాగే పెడసరంగా.

జరిగింది మొత్తం చెప్పేను. వాడి వెనకాల ఎవరో పేషెంటు దగ్గుతున్న చప్పుడు వినబడుతోంది.

"సరే" అని పెట్టేసేడు. అంతే!

మర్నాటికి బెల్లంముక్క ఖాతా ఫోరంలో లేదు. కొన్నాళ్లకి సత్తిబావే చెప్పేడు, ఎదురుపడి, మొహం చిన్నబుచ్చుకుని. ఇంకో సెంటర్లో ఆ నెంబరు కొడితే భువనేశ్వర్ అని వచ్చిందట. వీళ్లు రైలెక్కి, నర్సింగ్ పిల్లలుండే హాస్టళ్లన్నీ తిరిగేరట. ఒకచోట వార్డెను, ఆ పిల్ల ముందురోజే పెట్టె సర్దుకుని వెళ్లిపోయిందని చెప్పిందట. "మేనమామ పెట్టుకున్న సంచీలో ఏటున్నాదో రైల్లో సూసేను సెల్లెమ్మా" అని ఆగిపోయేడు. ఏముందని నేనడగలేదు. ఆయన చెప్పలేదు. ఆ రోజు తరవాత సత్తిబావ ఎవరింటి తగువుకీ వెళ్లినట్టు నేను వినలేదు.

ప్రకాష్‌కి ఆమె ఎక్కడుందో మొదట్నుంచీ తెలుసు. ఎలా తెలుసని చాలాసార్లు అడిగేను. నోట్లో నువ్వుగింజ నానని ఈ ఊళ్లో, వాడి నోట్లో మాత్రం ఏడాదిగా ఆ మాట భద్రంగా ఉంది. మేం కుళ్లుబోతని నవ్విన మనిషి నోట్లో! ఈసారి ఓటింగూ లేదు, ఏమీ లేదు. వాణ్ణి పిలిచి మోడరేటర్ని చేసేను. జనం గోలపెట్టేరు. పెట్టుకోమన్నాను.

ఆ మరుసటేడు 'చెరుకుపానకం' అని కొత్త పేరొకటి ఫోరంలోకొచ్చింది. ఎవరో తండ్రికి సుగరని రాస్తే మందులూ తిండీ ఓపిగ్గా చెప్పి, చివర్న "అనకాపల్లి మనిషికి ఇది చెప్పడం పాపమేనండీ" అని రాసింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగేయి. వెంటనే ప్రకాష్‌కి ఫోన్ చేసేను.

"ఆ పిల్లే కదూ? పరీక్ష పాసైందా? ఉద్యోగం వచ్చిందా?"

"మీది కాదక్కా. ఆవిడ్నడగండి" అన్నాడు.

ఒళ్లు మండింది. ఫోరం నాది, సెంటర్ నాది, వీడెవడు నాకు చెప్పడానికి? పానెల్ నాకూ ఉంది. ఒక్క క్లిక్కు. మౌస్ మీద చెయ్యి వేసేను కూడా. ఇష్టంతో చూడబోతున్నాను, చెడ్డకి కాదు. మరి సత్తిబావ మాత్రం చెడ్డకి చూసేడా? చెయ్యి తీసేసి, కంప్యూటర్ ఆపేసి, వెళ్లి టీ పెట్టుకున్నాను.

అలా చూడకుండా ఉండగలిగినవాళ్లకే ఆ తాళం ఇవ్వాలని నాకు ఆ రోజు అర్థమయింది. మంచితనం వేరే సంగతి, మంచివాళ్లు మా ఊళ్లో కొల్లలు.

కొండబాబు అప్పుడప్పుడూ వచ్చేవాడు, చెరుకు తోలుకుని మా ఊరొచ్చినప్పుడల్లా. మేనమామ లేకుండా, ఒక్కడే. నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని, తువ్వాలుతో మొహం తుడుచుకుని అడిగేవాడు.

"మా పిల్ల ఎక్కడైనా కనబడిందా అమ్మా? ఊరు సెప్పొద్దులే. బాగుందా లేదా, అదొక్కటీ సెప్పు."

ఆ మాటకి ఎవరి గుండె నీరవదు? బాగుందని చెప్పెయ్యాలని నాలిక చివరిదాకా వచ్చేది.

"తెలీదు బాబూ" అనేదాన్ని.

ఆయన కాసేపు కూర్చుని, నా గోడ మీద వాక్యం చదువుకుని లేచి వెళ్లిపోయేవాడు. నేను చెప్పింది అబద్ధం కాదు. నాకు నిజంగానే తెలీదు.